ల్యాబ్ లేని బడిలో సైన్స్: ఒక సీసా, ఒక వేపచెట్టు, ఒక రిజిస్టర్

మేడమ్, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జడ్పీ హైస్కూల్లో కొత్తగా చేరారు, 7 నుంచి 9 దాకా సైన్స్ చెబుతున్నారు, ల్యాబ్ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టి తాళం వేశారు, సైన్స్ ఫెయిర్ అంటే పిల్లలు యూట్యూబ్ చూసి థర్మాకోల్ మోడల్ తెస్తున్నారు. ట్రైనింగ్‌లో ఎవరో సిటిజన్ సైన్స్ (మామూలు జనమే చూసి, కొలిచి, రాసి శాస్త్రానికి లెక్కలు అందించడం) చేయించండి అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చు, సిలబస్ సంగతేంటి అని మీ టెన్షన్. నేను 31 ఏళ్లు బయాలజీ చెప్పి రిటైరయ్యాను. ఆఖరి 16 ఏళ్లు పిల్లలతో ఇదే పని చేశాను, చాలాచోట్ల బోల్తా పడ్డాను కూడా. ఆ బోల్తాలే ఎక్కువ పనికొస్తాయి కాబట్టి వాటితో సహా చెబుతా.

బియ్యం బస్తాలని అక్కడే ఉండనివ్వండి. వాటి కోసం హెడ్మాస్టర్‌తో ఇప్పుడే గొడవ పెట్టుకుంటే ఈ ఏడాదంతా దానికే సరిపోతుంది.

ముందు ఆ థర్మాకోల్ సంగతి. జిల్లా స్థాయి ఫెయిర్‌కి నేను జడ్జిగా వెళ్లిన ఒక ఏడాది ఒకే వరుసలో నాలుగు అగ్నిపర్వతాలు ఉన్నాయి. ఒక పిల్లాడు వంట సోడా మీద వెనిగర్ పోశాడు, ఎర్ర రంగు నురగ బుసబుసా పొంగింది, అందరూ చప్పట్లు కొట్టారు. "నిజం కొండలో కూడా వంట సోడా ఉంటుందా నాన్నా?" అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి "మా సార్‌ని అడిగి చెప్తా సార్" అన్నాడు. పాపం వాడిది తప్పేం లేదు, ఆ ఆటలో వాడు కనుక్కోవాల్సింది ఏదీ మిగల్లేదు అంతే. పోస్తే పొంగుతుందని వాడికి ముందే తెలుసు, మనకీ తెలుసు, వాళ్లమ్మకీ తెలుసు.

కాబట్టి నా మొదటి సలహా ఒక్కటే, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మీకే జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకోండి. మన ఊళ్లో నిన్న ఎంత వాన పడింది, బడి ముందున్న వేపచెట్టు ఈ ఏడాది ఎప్పుడు పూసింది, ఇలాంటివి. ఇవి ఏ గైడ్‌లోనూ ఉండవు. పిల్లలు వెళ్లి చూసి రాస్తే తప్ప మీకైనా తెలిసే దారి లేదు. పిల్లలకి ఆ విషయం రెండో వారంలోనే అర్థమైపోతుంది, సార్‌కి కూడా తెలియదట అని ఇళ్లలో చెప్పుకుంటారు కూడా. అక్కడి నుంచి బండి దానంతటదే నడుస్తుంది.

వానతో మొదలుపెట్టడం తేలిక. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి. మెడ దగ్గర ఒంపు అయిపోయి సీసా నిటారుగా మారే చోట కోసేయండి (బ్లేడు మీ చేతిలోనే ఉండాలి, పిల్లలకి ఇవ్వొద్దు). ఆ పై ముక్కకి మూత తీసేసి తలకిందులుగా గరాటులాగా సీసాలోనే దించండి. సీసా అడుగు గడ్డలు గడ్డలుగా ఉంటుంది కదా, అక్కడ గులకరాళ్లు వేసి, నిటారు భాగం మొదలయ్యే దాకా నీళ్లు పోసి గీత గీయండి. అదే సున్నా. ఆ గీత నుంచి పైకి స్కేలు అతికించండి. గరాటు నోరు, సీసా వెడల్పు ఒకటే కాబట్టి నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగితే అన్ని మిల్లీమీటర్ల వాన. దాన్ని బహిరంగ చోట, గోడలకీ చెట్లకీ దూరంగా, నాలుగు ఇటుకల మధ్య నిలబెట్టండి. మేకలు తిరిగే చోటైతే కంప కట్టండి, మా మొదటి సీసాని మేకే పడేసింది.

ఆ సున్నా గీత సంగతి మొదటి ఏడాది నాకు తట్టలేదు. స్కేలుని సీసా కింది అంచు నుంచే అంటించాం. జులైలో ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు వచ్చి, పొద్దున వాననీ సాయంత్రం వాననీ విడివిడిగా కొలిచి కూడితే ఒక లెక్క, రెండూ కలిపి ఒకేసారి కొలిస్తే ఇంకో లెక్క వస్తోంది సార్ అన్నాడు. సరిగ్గా చూడలేదులే అని పంపేశా. వాడు వదల్లేదు, బోరింగు దగ్గర ఒక టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, గ్లాసు చొప్పున పోస్తూ నీటి మట్టం రాసుకొచ్చాడు. అడుగున మొదటి గ్లాసుకి మట్టం ఎక్కువ లేస్తోంది, పైన తక్కువ లేస్తోంది. అడుగు ఇరుకు, పైన వెడల్పు! అంటే చిన్న వాన పడ్డ ప్రతిసారీ మేం ఎక్కువ రాసుకుంటున్నాం. ఆ నెలన్నర అంకెలన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి కానీ, ఆ పిల్లాడు ఆ రోజు చేసిందానికి మించిన ప్రయోగం నా సర్వీసులో నేను చేయించలేదు.

కొలిచే వేళ ఉదయం 8:30. వాతావరణ శాఖ వాళ్ల రోజు లెక్క కూడా ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకానే. మీరూ అదే వేళకి చూస్తే మీ మండలంలోని ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్ అంకెతో పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఇంకో రెండు అంకెలు గోడ మీద రాయించండి. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే లెక్కల్లో దాన్ని వాన పడ్డ రోజు అంటారు. 64.5 దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. టీవీలో "భారీ వర్షం" అనగానే మా పిల్లలు "ఎంత? 64 దాటిందా?" అని అడగడం మొదలుపెట్టారు. మా ఆవిడ కూడా అడుగుతుంది ఇప్పుడు.

ఇక అసలు కథకి వస్తా. సెలవు రోజుల్లో సీసా చూసే పని బడి ప్రహరీ వెనకే ఇల్లున్న ఒక అమ్మాయిది, తొమ్మిదో తరగతి. ఆగస్టులో ఒక సోమవారం వచ్చి రిజిస్టర్ చూస్తే ఆ ఉదయం వరస ఎదురుగా 0 అని ఉంది. ఆదివారం సాయంత్రం నేను ఉండే మండల కేంద్రంలో కుండపోత. అక్కడి స్టేషన్ లెక్కలో 31 మిల్లీమీటర్లు. బడికీ మా ఇంటికీ దూరం ఆరు కిలోమీటర్లు. ఇంకేముంది, రాకుండానే సున్నా పెట్టేశావు కదూ అని క్లాసులో అందరి ముందూ అనేశాను. ఎర్ర పెన్నుతో కొట్టేసి "చూడలేదు" అని రాశా. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం వంట చేసే ఆమె అన్నం వడ్డిస్తూ, "ఎండకి ఆరేసిన బట్టలు రాత్రి దాకా దండెం మీదే ఉన్నాయి సార్, ఇక్కడ చుక్క పడలేదు" అంది. ఇంకో ఇద్దర్ని అడిగాను, అదే మాట. మెరుపుల మేఘం కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, ఒక ఊరు ముంచి పక్క ఊరు వదిలేస్తుంది. ఎద్దుకి ఒక కొమ్ము తడిసి రెండో కొమ్ము తడవని వాన అని మా తాత అనేవాడు. ఆ మాట చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి, సైన్స్ సార్‌ని, పిల్ల రాసిన సున్నాని మాత్రం నమ్మలేకపోయాను.

మర్నాడు ఆ ఎర్ర గీత కిందే "0 సరైనదే, కొట్టేసింది నా తప్పు" అని రాసి సంతకం పెట్టి క్లాసులో చదివాను. ఆ తర్వాత రెండు నియమాలు పెట్టుకున్నాం. రిజిస్టర్లో వైట్‌నర్ ఉండకూడదు, తప్పు రాస్తే ఒక్క అడ్డగీత కొట్టి పక్కన రాయాలి, కిందిది కనబడాలి. రెండోది, చూశాం కానీ వాన లేదు అంటే 0, అసలు చూడలేదు అంటే అడ్డగీత. ఈ రెండింటికీ తేడా తెలియక పెద్ద పెద్ద ఆఫీసుల లెక్కలే తలకిందులవుతాయి. చూడలేదని రాసినందుకు ఎవర్నీ తిట్టకూడదు అనేది మూడో నియమం, అది నా ఒక్కడికే. మీరు తిట్టారా, మర్నాటి నుంచి గీత ఉండాల్సిన చోట అందమైన అంకెలు వచ్చి కూర్చుంటాయి.

చెట్ల దగ్గరికి వద్దాం. సీజన్‌వాచ్ అని దేశమంతటా నడిచే కార్యక్రమం ఒకటుంది, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు నడుపుతారు. పిల్లలు ఒక చెట్టు ఎంచుకుని, వారానికోసారి అదే చెట్టు దగ్గరికి వెళ్లి చిగురు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు ఏది ఎంతుందో రాయాలి. లెక్కపెట్టనక్కర్లేదు, లేదు, కొద్దిగా, బాగా అంటే చాలు. కేరళ బడుల నుంచి ఎక్కువ సమాచారం వస్తుంది. విషు పండగకి పూయాల్సిన కొన్నపువ్వు ముందే పూసేస్తోందా అనేది వాళ్లకి పెద్ద ప్రశ్న. ఆ కొన్న మన రేల చెట్టే. మనకి ఉగాది, వేపపువ్వు ఉన్నాయి కదా, పచ్చడికి పువ్వు దొరికిందా లేదా అని ప్రతి ఇంట్లో చూసేదే. అది ఏ తేదీనో పదేళ్ల పాటు రాసిపెట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

చెట్టు ఎంచుకోవడంలో ఒక కిటుకు ఉంది. బడి ఆవరణలో చెట్టైతే ఏప్రిల్ ఆఖరి నుంచి జూన్ దాకా సెలవుల్లో చూసే దిక్కుండదు, మన చెట్ల సందడంతా ఆ వేసవిలోనే. కాబట్టి పిల్లల ఇళ్ల దగ్గరి చెట్లు ఇవ్వండి. వేప, కానుగ, చింత, మామిడి చాలు. కానుగ తప్పకుండా ఉండాలి, ఆకంతా రాల్చి కొద్ది రోజుల్లోనే లేత పచ్చ చిగురుతో నిండిపోతుంది, పిల్లలకి వారం వారం తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చెట్టుకి గుర్తుగా రంగు బొట్టు పెట్టండి, మేకు కొట్టొద్దు.

మొదటి నెల గొడవలే ఉంటాయి. ఒకే వేపచెట్టుకి ఒకడు పువ్వు "బాగా" అంటాడు, ఇంకొకతె "కొద్దిగా" అంటుంది. మావాళ్లు కొట్టుకునే దాకా వచ్చారు. వెళ్లి చూస్తే వాడు నిలబడింది ఒక వైపు, ఆమె నిలబడింది ఇంకో వైపు, రెండు వైపులా పూత ఒకేలా లేదు. దాంతో గుడి చుట్టూ తిరిగినట్టు చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాకే రాయాలని తీర్మానం చేసుకున్నారు. చెట్టు మీద మూడో వంతుకి మించి కనబడితే "బాగా" అని కూడా వాళ్లే తేల్చుకున్నారు. ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా రాసి తర్వాత పోల్చుకోవాలి, కుదరకపోతే రెండూ ఉంచాలి. ఇది మీరు చెప్పి చేయించకండి, గొడవ ముదరనివ్వండి.

2021లో తెలంగాణలో వేపచెట్లు ఎండిపోయిన సంగతి గుర్తుందా? కొమ్మల చివర్లు మాడినట్టయి, ఊళ్లకి ఊళ్లలో చెట్లు నిప్పంటుకున్నట్టు గోధుమ రంగులోకి మారాయి. అరిష్టం అన్నారు, సెల్ టవర్ అన్నారు, కరోనా చెట్లకొచ్చింది అన్నారు. కొమ్మలు చివరి నుంచి ఎండబెట్టే శిలీంధ్రం పని అని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. మా రిజిస్టర్లో వేపచెట్లు తొమ్మిది. ఏ చెట్టుకి ఏ వారం మొదటి కొమ్మ మాడింది, రోడ్డు పక్కది ముందా చెరువు కట్ట మీదిది ముందా, అన్నీ తేదీలతో ఉన్నాయి. ఎండిన ఆకుకి మా పట్టికలో గడి కూడా లేదు, పిల్లలే పక్కన గీత గీసి "మాడింది" అని కొత్త గడి పెట్టుకున్నారు. మళ్లీ చిగుళ్లు ఎప్పుడొచ్చాయో కూడా అదే పేజీల్లో ఉంది. ఊళ్లో పెద్దవాళ్లంతా చెట్లు చచ్చిపోయాయని తేల్చేసిన రోజుల్లో మా ఏడో తరగతివాళ్లు "బెరడు గీకితే లోపల పచ్చగా ఉంది సార్" అని రాశారు.

పక్షుల లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, 1998లో అమెరికాలో మొదలైంది, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు ఉండి, కనబడ్డ, వినబడ్డ పక్షులు ఏవి, ఎన్ని అనేది ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. బడులకీ కాలేజీలకీ క్యాంపస్ బర్డ్ కౌంట్ అని విడిగా ఉంటుంది. పేర్ల గురించి భయపడకండి. పికిలిపిట్ట, గోరింక, జెముడుకాకి, లకుముకి, తేనెపిట్ట, పాలపిట్ట, ఇవి పిల్లలకి మీకన్నా బాగా తెలుసు. ఏట్రింతని కొన్ని ఊళ్లలో పసులపోలిగాడు అంటారు, అలాంటి పేర్లన్నీ ఒక పేజీలో రాసిపెట్టి ఎదురుగా బొమ్మ అతికించుకోండి. ఫలానా పక్షి ఉంది కానీ ఎన్ని ఉన్నాయో లెక్క తెలియకపోతే అంకెకి బదులు ఎక్స్ పెట్టే వీలుంది, ఊహించి రాయొద్దు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని వినండి. ఎక్కువ రకాలు రాసిన గుంపుకి పెన్ను బహుమతి అన్నాను. పదిహేను నిమిషాల్లో ఒక గుంపు పత్తి చేను గట్టున నెమలి, పాలపిట్ట, గుడ్లగూబ, రెండు గద్దలతో కలిపి 26 రకాలు చూసేసింది! పట్టపగలు గుడ్లగూబ ఎక్కడ్రా అంటే తల దించుకున్నారు. వాళ్లని ఏమనను, సంత పెట్టింది నేను. ఆ రోజుతో బహుమతులు ఆపేశాం, ఆ జాబితా పంపలేదు. తర్వాతి ఏడాది అదే గట్టు మీద వచ్చినవి తొమ్మిది రకాలు, అవే పంపాం.

"లేదు" అనే మాటకి ఎంత విలువుందో పిచ్చుకల కథ చూస్తే తెలుస్తుంది. పిచ్చుకలు మాయమైపోతున్నాయని అందరూ అంటున్న రోజుల్లో, 2012లో, సిటిజన్ స్పారో అని ఒక సర్వే పెట్టారు. మా వీధిలో ఉన్నాయి అని చెప్పినవాళ్లదే కాదు, ఒకప్పుడు ఉండేవి ఇప్పుడు లేవు అని చెప్పినవాళ్లదీ రాసుకున్నారు. తర్వాత 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదికకి ఆధారం మామూలు జనం ఎక్కించిన కోటికి పైగా రికార్డులే, 15,500 మంది పక్షి ప్రేమికులవి. పెద్ద నగరాల్లో పిచ్చుకలు తగ్గాయి కానీ, దేశం మొత్తం మీద పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉన్నాయని అందులో తేలింది. అప్పటిదాకా నేను కూడా క్లాసులో సెల్ టవర్ల వల్లే పోతున్నాయని చెప్పినవాణ్ణే. వెళ్లి పిల్లలకి దిద్దుకున్నాను.

పిల్లల పేరు మీద ఖాతాలు తెరవకండి, మీ ఖాతా ఒక్కటి చాలు. ఇంటి లొకేషన్లు, పిల్లల మొహాలు కనబడే ఫొటోలు ఎక్కడా పెట్టకండి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు సీసా దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు, లెక్క పోతే పోనివ్వండి.

లెక్కల మాస్టారిని కూడా లాగాలనుకుంటే నీడ పట్టుకోండి. మనం మకర, కర్కాటక రేఖల మధ్య ఉన్నాం కాబట్టి ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిటారు కర్రకి నీడ ఉండదు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది. చిక్కేంటంటే మే సెలవులు, ఆగస్టు మబ్బులు. నాకు ఇన్నేళ్లలో ఆగస్టులో ఒక్కసారే కుదిరింది, అదీ మబ్బు చాటు నుంచి రెండు నిమిషాలు. అందుకని సెప్టెంబర్ 22, 23 తేదీలో, మార్చి 20, 21 తేదీలో పెట్టుకుని భూమి చుట్టుకొలతే కొలిచేయండి, గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ రెండు వేల ఏళ్ల కిందట చేసినట్టే. హైదరాబాద్, ఆదిలాబాద్ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, మ్యాపులో నిటారుగా గీత గీస్తే దాదాపు 250 కిలోమీటర్లు. మా బడి హైదరాబాద్ పక్కనే, నా స్నేహితుడిది ఆదిలాబాద్ పక్కన. ఇద్దరం మీటరు కర్ర నిలబెట్టాం. ఆ రోజు మాకు నీడ 31 సెంటీమీటర్ల పైచిలుకు రావాలి, వాళ్లకి 36కి కాస్త తక్కువ. పిల్లలకి ఇంకా త్రికోణమితి రాదు కాబట్టి చార్టు మీద కర్రనీ నీడనీ స్కేలుకి గీసి కోణమానినితో కొలిచారు. రెండు ఊళ్ల కోణాల తేడా 2.3 డిగ్రీలు వస్తే, భూమి చుట్టూ 360 డిగ్రీలు కాబట్టి 250ని 360తో గుణించి 2.3తో భాగించండి, 39 వేల చిల్లర కిలోమీటర్లు. నిజం 40 వేలు.

మాకు మొదటిసారి వచ్చింది మాత్రం 50 వేలు. కోణం 1.8 వచ్చింది, అరడిగ్రీ తప్పు, అంటే నీడలో ఒక్క సెంటీమీటరు. కర్ర నిటారుగా లేదు. తర్వాత మేస్త్రీ దగ్గర గుండు దారం అడిగి తెచ్చుకున్నాం. ఇంకోటి, మిట్టమధ్యాహ్నం అంటే గడియారంలో 12 కాదు. మన గడియారం నడిచేది కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం, హైదరాబాద్ దానికి పడమరగా ఉంది కాబట్టి సూర్యుడు ఇంకో పావుగంట వెనక నడి నెత్తికి వస్తాడు, అది కూడా ఏడాది పొడవునా కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కాబట్టి 11:55 నుంచి 12:35 దాకా రెండేసి నిమిషాలకి నీడ కొసన చుక్క పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడ ఏదో అదే మిట్టమధ్యాహ్నం. 50 వేలు వచ్చిన చార్టుని మేం గోడ మీద నుంచి తీయలేదు, పక్కనే రెండోది అతికించాం.

దోమలు కూడా మంచి పాఠమే. గాజు గ్లాసులో దోమ పిల్లలున్న నీళ్లు తెచ్చి కిటికీ దగ్గర పెట్టండి. కొన్ని తల కిందికి వేసి తోకతో నీటి పైపొరని పట్టుకుని ఏటవాలుగా వేలాడతాయి, అవి మామూలు దోమ, డెంగీ దోమల పిల్లలు. మలేరియా దోమ పిల్లలు పైపొరకి సమాంతరంగా పడుకుంటాయి. గ్లాసు మీద చెయ్యి నీడ పడగానే అన్నీ గిలగిలా కొట్టుకుంటూ అడుక్కి పోతాయి. మా పిల్లలు ఈ నీడ ఆటతోనే గంట గడిపేశారు. దోమ పొట్ట గోడ మీద మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. ఈ మాట ఆ గ్లాసు ముందు చెప్పి చూడండి, పుస్తకంలో చదివి చెప్పినట్టు ఉండదు. తర్వాత ఇళ్లలో తొట్లు, కూలర్లు, టైర్లు, కొబ్బరి చిప్పలు వెతికించి దేంట్లో పిల్లలున్నాయి, దేంట్లో లేవు అని రాయించండి. గుడ్డు నుంచి దోమ దాకా వారం పది రోజులే పడుతుంది, శుక్రవారం డ్రైడే (నిల్వ నీళ్లు పారబోసే రోజు) అని వారానికోసారి పెట్టింది అందుకే. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకి అంటుకుని నీళ్లు లేకుండా నెలల తరబడి బతుకుతాయి, కాబట్టి పారబోస్తే చాలదు, రుద్ది కడగాలి. చూడటం అయ్యాక గ్లాసు నీళ్లు ఎండిన మట్టిలో పోయండి, మర్చిపోయి శనివారం అలాగే వదిలేసి వెళ్లారంటే స్టాఫ్ రూములో మీకు మంచి పేరు రాదు.

మైక్రోస్కోప్ లేదని బాధపడుతుంటే ఫోల్డ్‌స్కోప్ అని కాగితం మడిచి చేసుకునేది దొరుకుతుంది, స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసింది, 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. చెరువు నీటి చుక్కకి అది చాలు. చెత్త సామానుతో బొమ్మలు చేయించాలంటే అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్‌లో అన్నీ ఉచితంగానే ఉన్నాయి. జనవిజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి పత్రిక లైబ్రరీకి తెప్పించండి. కుప్పం దగ్గర పిల్లలకి సైన్స్ చేయించి నేర్పే అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది, 172 ఎకరాలు, మీరు ఆ వైపు వారైతే పిల్లల్ని ఒక రోజు తీసుకెళ్లండి.

ఖర్చు అడిగారు కదా. సీసాలు ఉచితం, రిజిస్టర్లు, స్కేళ్లు, టేపు, చార్టులు అన్నీ కలిపి ఏడాదికి ఐదొందలు దాటలేదు నాకు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన పిల్లల ఐడియాకి పదివేలు వస్తాయి, పేర్లు పంపండి, తప్పులేదు. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి ఉంది, 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు జట్టుగా తమ ఊరి సమస్య మీద చేసిన పని చూపించొచ్చు, వాన రిజిస్టర్ అక్కడికి బాగా పనికొస్తుంది. కానీ అవార్డు కోసమని మొదలుపెడితే నవంబర్ కల్లా అయిపోవాలి, చెట్టు మాత్రం మార్చి దాకా పూయదు.

సిలబస్ టైములోంచి దీనికి వారానికి పదిహేను నిమిషాలు మించి తీసుకోవద్దు. ఎఫ్ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి, గైడ్ చూసి కాపీ కొట్టించే ప్రాజెక్టు బదులు ఈ రిజిస్టర్ పేజీలకే వేసేయండి. అంకె అందంగా ఉందని కాకుండా, అడ్డగీతలు నిజాయితీగా ఉన్నాయా అని చూసి వేయండి. మా ఊళ్లో ఒక పెద్దమనిషి చదువు చెప్పకుండా చెట్ల చుట్టూ తిప్పుతున్నారని హెడ్మాస్టర్ దగ్గరికి వచ్చాడు. ఆయనతో నేనేం వాదించలేదు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే పత్తి గింజ పెట్టమని వ్యవసాయ శాఖ ఏటా చెబుతుంది కదా. ఆ జూన్‌లో ఇప్పటికి ఎంత పడింది అనేది మండల లెక్కలో ఒకటి, మా ఊరి లెక్కలో ఇంకోటి. రైతులు పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి "రాత్రిది ఎంతయింది పాపా?" అని ఆ ప్రహరీ వెనక పిల్లనే అడిగేవాళ్లు. ఆ పెద్దమనిషి కూడా వచ్చాడు. 38 అయింది, ఇంకా ఆగండి తాతా అందట.

చివరగా ఒక జాగ్రత్త. ప్రతి నెలాఖరుకీ రిజిస్టర్ పేజీలని ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, రెండో ప్రతి ఎవరి ఇంట్లోనైనా ఉంచండి, రిజిస్టర్‌ని చెక్క బీరువా కింది అరలో మాత్రం పెట్టకండి. 2011 జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మా ఊళ్లో ఎంత వాన పడిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. చెదలు తినేశాయి. ఆ నాలుగు నెలల ఎదురుగా కొత్త రిజిస్టర్లో పిల్లలు అడ్డగీతే పెట్టారు.